నెమరు వేయని గుర్రం

మా బాపు పశువుకు మందు పోయడానికి వెళ్లిన ఇంట్లో, ఆ పశువు మళ్లీ నెమరు వేసేదాకా మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఎండాకాలమైనా అంతే. ఇంటివాళ్లు చెంబు తెచ్చి ముందు పెడితే పక్కకు జరిపి, పశువు ఎదురుగా గొంతుక్కూర్చుని దాని దవడ వైపే చూస్తూ ఉండేవాడు. దాని మెడ కింద ఒక ఉండ పైకి పాకి, దవడ అడ్డంగా కదిలిందంటే అప్పుడు చెయ్యి చాపేవాడు. "తేండ్రి, ఇగ తాగుత" అనేవాడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. అడిగితే వాళ్ల బాపు కూడా అట్లనే చేసేవాడని మాత్రం చెప్పాడు.

సురంగల్‌లో మా ఇల్లు. చుట్టుపక్కల ఎవరి ఎద్దుకు కడుపు ఉబ్బినా, ఎవరి బర్రె మేత మానేసినా మా ఇంటికే మనిషి వచ్చేవాడు. బాపు దూలానికి వేలాడే బొంగు గొట్టం తీసుకుని, సీసాలో నూనె పోసి, దంచిన వాము, ఇంగువ, నల్లుప్పు కలిపి బయల్దేరేవాడు. ఒకరు పశువు తల పైకెత్తి పట్టుకుంటే గొట్టం దవడ పక్క నుంచి దూర్చి గడగడా పోసేవాడు. ఆయన చెయ్యి పడితే పశువు లేస్తుందని పేరు. ఆ పేరును మించిన ఆస్తి మాకు లేదు.

తర్వాత హైదరాబాద్‌లో కంప్యూటర్ కంపెనీలు పెరిగాయి, మా దిక్కు భూముల ధరలకు రెక్కలొచ్చాయి. ఎకరం అమ్మినవాడు ట్రాక్టర్ కొన్నాడు, ట్రాక్టర్ కొన్నవాడు ఎడ్లను అంగట్లో వదిలించుకున్నాడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా ప్రహరీ గోడలు లేచాయి, గోడల వెనక ఫామ్‌హౌస్‌లు లేచాయి. ఎద్దు కనబడని ఊళ్లలో గుర్రాలు కనబడసాగాయి. బాపును పిలవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. గొట్టానికి బూజు పడితే ఆయనే దించి, తుడిచి, మళ్లీ వేలాడదీసేవాడు.

మా ఊరి పిల్లలు అమీర్‌పేటలో జావా నేర్చుకుంటుంటే నేను కనకమామిడిలో గుర్రం వీపు నేర్చుకున్నాను. జావాకు నేనూ వెళ్లాను. అది నాకు ఎక్కలేదు, నేను దానికి నచ్చలేదు. తిరిగొచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని ఫామ్‌హౌస్‌లో గుర్రాల పనికి కుదిరాను. ఆయనకు మందులంటే గిట్టదు. తలనొప్పి వచ్చినా కషాయమే. పందేల్లో పరిగెత్తి, ఎడమ భుజం బిగుసుకుపోయిన ఒక ఎర్ర ఆడగుర్రాన్ని ఆయన కూతురి కోసం కొన్నాడు. దాన్ని ఇంజెక్షన్లు లేకుండా బాగు చేయాలని, గుర్రాలకు ఒళ్లు పట్టే విద్య తెలిసిన ఒక మేడమ్‌ను బెంగళూరు నుంచి పిలిపించాడు. ఆమె ఒక చలికాలం అంతా మాతో ఉండి నాకు ఆ పని నేర్పింది.

ఊళ్లో ఎంత నవ్వారో చెప్పలేను. "గుర్రానికి మాలీష్ చేస్తడట" అని అరుగుల మీద ముచ్చట్లు. మా మేనమామ అయితే కల్లు దుకాణం ముందర నిలబెట్టి వీపు తిప్పాడు. "నన్ను గూడ జర పిసుకు అల్లుడా, నాకు గడ్డి గూడ వెయ్యొద్దు" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వారం పాటు ఆయనతో మాట్లాడలేదు.

కానీ ఆ పని నాకు నచ్చింది. మేడమ్ మొదట నొక్కడం నేర్పలేదు. అరచెయ్యి ఊరికే పెట్టి ఉంచడం నేర్పింది. చెవుల వెనక నుంచి మెడ మీదుగా, భుజం మీదుగా, తొంటి దాకా చెయ్యి జారుస్తూ పోతే ఒకచోట వేడి తగులుతుంది, ఒకచోట చర్మం ఉలిక్కిపడుతుంది, ఒకచోట కండ కట్టెలా ఉంటుంది. అక్కడ ఆగాలి. గుర్రం ఒప్పుకున్నాకే బరువు వేయాలి. ముందుకాలు ఎత్తి మెల్లగా ముందుకు చాపి, అది తనంతట తాను బరువు వదిలేదాకా పట్టుకోవాలి. వదిలిన క్షణంలో గుర్రం తల దించి, కళ్లు సగం మూసి, పెదవులు నాకుతూ దవడ ఆడిస్తుంది. ఆ చప్పరింత కోసం నేను ఎంతసేపైనా నిలబడేవాణ్ణి.

ఆకులూ వేళ్లూ మాత్రం బాపు దగ్గరే నేర్చుకున్నాను. కాళ్లకు వావిలాకు మరిగించిన నీళ్ల కాపడం, వాపు మీద నూనె రాసి వెచ్చచేసిన ఆముదపాకు, నానబెట్టిన మెంతులు. మేడమ్ ఒక్కోదాన్నీ వాసన చూసి, అడిగి తెలుసుకుని, కొన్నిటికి సరే అంది, కొన్నిటికి వద్దంది. ఆ ఎండాకాలం మొదలయ్యేసరికి ఎర్రగుర్రం కుంటడం మానేసింది. బాపు సాయంత్రాలు నడిచొచ్చి కొట్టం ముందు కూర్చునేవాడు. నేను భుజం పడుతుంటే అది దవడ ఆడించేది. "సూడు, ఎర్రది ఎంత మంచిగ నెమరేస్తున్నదో" అని మురిసిపోయేవాడు. గుర్రం నెమరు వేయదని నేను చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఆయన ఒక పశువు ముందు కూర్చుని నవ్వుతున్నాడు, ఆ నవ్వును నేనెందుకు చెడగొట్టాలి?

మేడమ్ వెళ్లిపోయేముందు కొట్టం గోడ మీద సుద్దతో సిటీలోని గుర్రాల డాక్టర్ నంబర్ రాసింది. "కడుపునొప్పి వస్తే నీ చేతులకు పని లేదు, ఆకులకు అసలే లేదు. ముందు ఈయన" అంది.

ఎండాకాలం సగంలో ఒక ఆదివారం ఫామ్‌హౌస్‌లో దావత్ జరిగింది. సోమవారం పొద్దున తోటపని చేసే అవ్వ, గిన్నెల్లో మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక, కుడితిలో కలిపి గంపెడంత తొట్టి గుర్రం ముందు పెట్టింది. బర్రెకు పెట్టినట్టే పెట్టింది. పాపం, ఆమె తన బర్రెను ఎంత ప్రేమగా చూసేదో దీన్నీ అంతే. నేను దాణా కోసం మొయినాబాద్ వెళ్లి తిరిగొచ్చేసరికి తొట్టి నాకేసి ఉంది. గుర్రం ముందుకాలితో నేలను గీరుతోంది. తల తిప్పి తన పక్కటెముకల వైపు చూసుకుంటోంది. మెడ మీద చెమట.

పక్కకు వెళ్లి డొక్కకు చెవి ఆనించాను. బాగున్న గుర్రం కడుపులో ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు ఉంటుంది. దూరంగా బండి పోతున్నట్టు గుడగుడమంటూనే ఉంటుంది. ఆ రోజు ఏమీ లేదు. రెండో పక్కకు వెళ్లి విన్నాను. అక్కడా ఏమీ లేదు. నా గుండె కొట్టుకోవడమే వినిపించింది.

యజమానికి ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నాడు. గొంతు తగ్గించి, "ఇంజెక్షన్స్ మాత్రం వద్దు. నేచురల్‌గానే చూడు. సోంపు, అల్లం ఏదో ఇస్తారని నెట్‌లో చదివాను" అన్నాడు.

"సార్, ఇప్పుడు దీని కడుపులకు ఏదీ పోవద్దు సార్. డాక్టర్ రావాలె."

"ప్యానిక్ అవ్వకు. నేను మళ్లీ చేస్తాను" అని పెట్టేశాడు.

గోడ మీది నంబర్‌కు చేశాను. డాక్టర్ నగరానికి ఆ చివర ఉన్నాడు. అంతా విని, "నడిపిస్తూ ఉండు. పొర్లనివ్వకు. నోట్లోకి ఒక్క చుక్క పోనివ్వకు. బయల్దేరుతున్నా" అన్నాడు. బయల్దేరితే మాత్రం, మెహదీపట్నం దాటి, ఆ రద్దీ దాటి, మా మర్రిచెట్ల రోడ్డు మీద లారీల వెనక ఎప్పటికి వస్తాడు?

గుర్రాన్ని నడిపిస్తున్నాను. ఎండ నడినెత్తి మీద ఉంది. నాలుగడుగులు వేసి అది మోకాళ్లు వంచబోతుంది, నేను ముఖతాడు గుంజి అదిలిస్తాను, మళ్లీ నాలుగడుగులు. అవ్వ తొట్టి పక్కన నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కాసేపటికి ఆమె కనబడలేదు. భయపడి ఇంటికి పోయిందేమో అనుకున్నాను. ఆమె పోయింది మా ఇంటికి.

ఎవరిదో బండి వెనక కూర్చుని బాపు వచ్చాడు. చేతిలో గొట్టం, చంకలో సీసా. అప్పటికే గేటు దగ్గర పక్క ఫామ్‌హౌస్‌ల వాచ్‌మెన్‌లు, డ్రైవర్లు, రోడ్డున పోయేవాళ్లు గుమిగూడారు. బాపును చూసి దారి వదిలారు. ఆయన నడకలో పాత రోజుల ఊపు ఉంది. గుర్రం ముందు నిలబడి దవడ చూశాడు.

"నెమరు బంద్ వడ్డది. కడుపు బిగుసుకున్నది. తల లేపి పట్టు" అన్నాడు.

"వద్దు బాపు. డాక్టర్ వస్తున్నడు."

"డాక్టర్ వచ్చెటాల్లకు ఇది ఉంటదారా? పట్టుమంటున్న."

నేను పట్టలేదు. ఆయనే ముఖతాడు అందుకుని తల పైకెత్తాడు. గుర్రం నొప్పితో ఉన్నదేమో, ఎదురు తిరిగే ఓపిక కూడా లేదు. గొట్టం దాని పెదవుల దాకా వెళ్లింది. నేను గొట్టాన్ని మధ్యలో పట్టుకున్నాను. ఆయన ఒకవైపు, నేను ఒకవైపు. నూనె ఒలికి గుర్రం మూతి మీద, మా చేతుల మీద, నేల మీద పడింది. గేటు దగ్గర ఎవడో నవ్వాడు. వాడు ఇప్పుడు దొరికినా వదలను.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో ఫోన్. యజమాని. "అక్కడ ఏం జరుగుతోంది? ఎవరు అరుస్తున్నారు?" చెప్పాను. "మీ నాన్నగారా? ఆయన ఇచ్చేది హెర్బలే కదా. ఇవ్వనివ్వు. పెద్దవాళ్లకు తెలుస్తుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. జీవితంలో ఒకరినొకరు చూసుకోని ఇద్దరు మనుషులు, ఒకడు కంప్యూటర్ ముందు, ఒకడు గుర్రం ముందు, కలిసి దీన్ని చంపేటట్టున్నారు.

"డాక్టర్‌ను నేను పిలిచిన సార్. దారిల ఉన్నడు."

"నిన్నెవరు పిలవమన్నారు?"

"గుర్రం వడిపోతున్నది సార్" అని ఫోన్ పెట్టేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

బాపు గొట్టం వదల్లేదు. "నా చెయ్యి వడ్డంక ఒక్క పశువన్న సచ్చిందారా?" అన్నాడు. అందరి ముందు కొడుకు తన చెయ్యి పట్టి ఆపుతున్నాడు.

"పశువు కాదు బాపు, గుర్రం."

"గుర్రం పశువు గాదా?"

"బర్రె లెక్క కాదిది. దీనికి లోపలికి పోయింది మల్ల పైకి రాదు. కక్కు గూడ రాదు. ఇట్ల తల లేపి పోస్తే ఊపిరితిత్తులకు పోతది. ఇది నెమరెయ్యదు బాపు."

"నేను సూల్లేదా? రోజు నెమరేసింది నా కండ్ల ముంగట!"

"అది నెమరు కాదు. మాలీష్ చేస్తె ఒళ్లు వదిలి ఊకె దవడ ఆడిస్తది. నోట్ల ఏముండది."

బాపు నా ముఖంలోకి చూశాడు. ఒక చలికాలం, సగం ఎండాకాలం ఆయన మురిసిన మురిపెం అంతా ఆ చూపులో వెనక్కి తిరిగినట్టు నాకనిపించింది. కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఆయన గొట్టం వదిలేశాడు. సీసా గోడ వారగా పెట్టి, వేపచెట్టు నీడలో గుర్రం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. అవ్వ చెంబుతో నీళ్లు తెస్తే పక్కకు జరిపాడు.

ఆ తర్వాత ఎంతసేపు నడిపించానో తెలియదు. నిలబడ్డప్పుడల్లా మేడమ్ నేర్పినట్టు చెవి మొదలు నుంచి కొస దాకా వేళ్లతో మెల్లగా సవరించాను. చెవులు చల్లగా ఉన్నాయి. ఇది నయం చేయడానికి కాదు, దాని భయం తగ్గించడానికి. నా భయం కూడా. ఇది చస్తే ఊరంతా ఏమంటుందో నాకు తెలుసు. పెద్దాయన మందు పోస్తే లేచేది, కొడుకు పోయనివ్వలేదు అంటుంది. నేను చచ్చేదాకా అంటుంది. అంతకన్నా, బాపు ఏమీ అనడు. అదే నేను తట్టుకోలేనిది. ఒకవేళ నేనే తప్పయితే? మేడమ్ చెప్పిన మాట తప్ప నా దగ్గర ఏముంది? ఆయన దగ్గర బతికిన ఎడ్లున్నాయి.

గుర్రం ఒక్కసారిగా కూలబడబోయింది. ముందు మోకాళ్లు నేలకు తగిలాయి. నేను తాడు గుంజుతూ అరిచాను. నా బలం సరిపోలేదు. వెనక నుంచి "హో... లే... లే తల్లీ" అని వినబడింది. బాపు దాని తోక మొదట్లో పట్టి, తొంటికి భుజం ఆనించి పైకి నెడుతున్నాడు. కూలిన ఎద్దును లేపే పద్ధతి. గేటు దగ్గర నుంచి ఇద్దరు డ్రైవర్లు ఉరికొచ్చి పొట్ట పక్కన చేయి వేశారు. గుర్రం వణుకుతూ లేచింది. బాపు చేతులు దులుపుకుని మళ్లీ నీడలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఎండ వాలుతుండగా డాక్టర్ కారు దిగాడు. మూతి మీద నూనె చూశాడు. నేల మీద నూనె చూశాడు. ముఖం మారిపోయింది.

"దీని నోట్లో ఎవరైనా ఏమైనా పోశారా? నిజం చెప్పండి. దాన్నిబట్టే నేను చేయాల్సింది ఉంటుంది."

అందరూ బాపు వైపు చూసి, ఆయన కనబడనట్టు తల తిప్పుకున్నారు. నేను నోరు తెరిచేలోపు బాపు లేచి నిలబడ్డాడు.

"నేను పోద్దమని వచ్చిన డాక్టర్ సాబ్. గొట్టం నాదే. నా కొడుకు పోయనియ్యలే. ఒక్క సుక్క లోపలికి పోలే."

అందరికీ వినబడేటట్టు చెప్పాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నిమిషంలో ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది, కానీ చేతిలో తాడుంది.

డాక్టర్ ముక్కు రంధ్రం గుండా పొడుగాటి పైపు మెల్లగా కడుపు దాకా దించాడు. బుస్సుమని గాలి, వెనకాలే పులిసిన అన్నం వాసన, తెల్లటి నీళ్లు బకెట్‌లోకి. అవ్వ "నేనే పెట్టిన సారూ" అని కూలబడింది. ఆయన ఆమెను తిట్టలేదు. ఇంజెక్షన్ తీసి నా వైపు చూశాడు, యజమాని సంగతి ఆయనకూ తెలుసు. "ఎయ్యండి సార్" అన్నాను. ఆ యజమాని తర్వాతి వారం వచ్చి నన్ను తిట్టి, పనిలోనే ఉంచాడు. అతిథులకు మాత్రం గుర్రాన్ని ఆకులతోనే బతికించామని చెప్పుకున్నాడు. నేను పళ్లు నూరుకున్నాను.

"ఇంకా గట్టెక్కలేదు. పేగులు కదిలి లద్ది వేస్తేనే నమ్మకం" అని డాక్టర్ చెప్పి, కారు దగ్గర కూర్చున్నాడు.

గుర్రం తల వేలాడేసి నిలబడింది. నేను మెడ మీద అరచెయ్యి పెట్టాను. నొక్కలేదు. ఊరికే పెట్టి ఉంచాను. కొంతసేపటికి కండ సడలింది. అది పెదవులు నాకి దవడ ఆడించింది. అవ్వ "అగో, అగో, నెమరేసింది, ఇగ తాగు అయ్యా" అని చెంబు బాపు ముందుకు తెచ్చింది. ఆయన పెదవులు ఎండి చిట్లి ఉన్నాయి. వచ్చినప్పటినుంచీ నీళ్లు ముట్టలేదు.

బాపు చెంబు పక్కకు జరిపాడు. "అది నెమరు గాదు" అన్నాడు ఆమెతో. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు. "మరి దీనికి ఏది సూడాలెరా?"

"లద్ది సూడాలె బాపు."

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. గుర్రం చుట్టూ తిరిగి, కాలు విసిరితే తగలనంత దూరంలో, దాని వెనక గొంతుక్కూర్చున్నాడు. తన జీవితంలో ఏ పశువుకూ వెనక కూర్చుని ఉండడు. గేటు దగ్గర జనం పలచబడ్డారు. ఎవరూ నవ్వలేదు. తోక వైపే చూస్తూ, కదలకుండా, వెలుతురు తగ్గుతున్నా అట్లాగే ఉన్నాడు. నేను మళ్లీ డొక్కకు చెవి ఆనించాను. లోపల ఎక్కడో, చాలా దూరంలో, ఒక బండి కదిలినట్టనిపించింది. నిజమో కాదో తేల్చుకోలేకపోయాను.

తోక కొద్దిగా లేచింది. రెండు ఉండలు, ఆ తర్వాత మరికొన్ని నేల మీద పడ్డాయి. డాక్టర్ లేచి నిలబడ్డాడు. నేను మెడ మీద నుంచి చెయ్యి తీయలేదు.

వెనక నుంచి బాపు చెయ్యి చాపాడు.

"తేరా కొడుకా. ఇగ తాగుత."